స్విగ్ బైండింగును ఇంపోర్ట్ అయ్యే ప్యాకేజీగా కట్టడం

ముత్తుకూరు, ఇందుకూరుపేట వైపు రొయ్యల గుంటల్లో ఆక్సిజన్ మీటరు రీడింగులు తీసే కోడు సీ భాషలో ఉందనుకుందాం. దాన్ని పైథాన్‌లోకి తేవడానికి స్విగ్ (SWIG) సరిపోతుంది. సీ కోడును పైథాన్ నుంచి పిలిచేలా మధ్య వంతెన, అంటే బైండింగు, రాసిపెట్టే పనిముట్టు ఇది. అసలు తిప్పలన్నీ ప్యాకేజీ కట్టేటప్పుడే వస్తాయి.

ప్యాకేజీ ఫోల్డరుకు గుంట అని పేరు పెట్టి, ఏ సీ ఫంక్షన్లు పైథాన్‌కు కనబడాలో స్విగ్‌కు చెప్పే ఇంటర్‌ఫేస్ ఫైలును అందులోనే ఉంచండి. మాడ్యూల్ పేరు మీటర్ అని రాస్తే స్విగ్ ఒక పైథాన్ ఫైలు, ఒక ర్యాపర్ సీ ఫైలు పుట్టిస్తుంది. ర్యాపర్ కంపైలయ్యాక వచ్చే ఎక్స్‌టెన్షన్ (పైథాన్ నేరుగా లోడ్ చేసుకునే బైనరీ ఫైలు) పేరుకు ముందు అండర్‌స్కోర్ ఉండి తీరాలి. ప్యాకేజీ ఎలా కట్టాలో చెప్పే సెటప్ ఫైల్లో (setup.py) ప్యాకేజీ పేరు, డాట్, అండర్‌స్కోర్, మీటర్ అని పూర్తిగా రాయండి. అండర్‌స్కోర్ మరిస్తే ఎక్స్‌పోర్ట్ ఫంక్షన్ లేదంటూ ఇంపోర్ట్ ఆగిపోతుంది. సోర్సుల జాబితాలో ఇంటర్‌ఫేస్‌తో పాటు మీ సీ ఫైళ్లు కూడా చేర్చండి. లేకుంటే లినక్స్‌లో బిల్డు మాత్రం సాఫీగా అయిపోయి, ఇంపోర్ట్ చేసేటప్పుడు సింబల్ దొరకలేదన్న ఎర్రర్ బయటపడుతుంది.

అందరూ బోల్తాపడేది బిల్డు వరుస దగ్గర. ప్యాకేజీని కట్టే సెటప్‌టూల్స్ ముందు పైథాన్ ఫైళ్లను కాపీ చేసి, ఆ తర్వాతే ఎక్స్‌టెన్షన్ కడుతుంది. అంటే కాపీ జరిగేటప్పటికి మీటర్ పైథాన్ ఫైలు ఇంకా పుట్టనే లేదు. మొదటి వీల్‌లో, అంటే ఇన్‌స్టాల్ చేయడానికి సిద్ధంగా కట్టిన ప్యాకేజీ ఫైల్లో, అది ఉండదు. అదే ఫోల్డర్లో పిప్‌తో రెండోసారి కడితే పాత ఫైలు మిగిలి ఉంటుంది కాబట్టి వచ్చేస్తుంది, లోపం కనబడకుండా పోతుంది. పైథాన్ ఫైళ్లను కాపీ చేసే build_py క్లాసును ఓవర్‌రైడ్ చేసి, అందులో ముందుగా ఎక్స్‌టెన్షన్ కట్టే build_ext నడిచేలా రాయండి.

పుట్టిన ఫైలును చేత్తో దిద్దకండి, మళ్లీ స్విగ్ నడిపితే మీ మార్పులు చెరిగిపోతాయి. స్విగ్ 4 రాసే ఫైలుకు ప్యాకేజీ లోపల తన ఎక్స్‌టెన్షన్‌ను ఎక్కడ వెతకాలో తెలుసు. మీరు చేర్చదలచిన ఫంక్షన్లేవైనా ప్యాకేజీ ఇనిట్ ఫైల్లో (__init__.py) రాసుకోండి. సీ హెడర్ ఫైళ్లను మానిఫెస్ట్‌లో (MANIFEST.in) చేర్చండి.

గుంట గట్టు మీది షెడ్డులో కంపైలర్ ఉండదు, అక్కడికి ముందే కట్టిన వీల్ ఫైలునే పంపాలి. అయితే ఇంటెల్ ల్యాప్‌టాప్‌లో కట్టిన వీల్‌ను ‘రాస్ప్‌బెర్రీ పై’ అనే చిన్న కంప్యూటరు తీసుకోదు. మామూలుగా కట్టిన వీల్ పైథాన్ 3.11ది అయితే 3.12లోనూ ఎక్కదు. ఒక్కోదానికి విడిగా కట్టాలి.

పరీక్షకు కొత్త వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ తెరిచి, వీల్ ఇన్‌స్టాల్ చేసి, ప్రాజెక్టు ఫోల్డరు బయటికి వచ్చి ఇంపోర్ట్ చేయండి. లోపల ఉండి చేస్తే పైథాన్ ఇన్‌స్టాలైన ప్యాకేజీని కాకుండా పక్కనున్న సోర్సు ఫోల్డరును పట్టుకుంటుంది.