రుమేనియా కోట ఇల్లు ‘కూలా’ నమూనా తయారుచేసే విధానం

రుమేనియా నైరుతి ప్రాంతమైన ఒల్తేనియాలో, ముఖ్యంగా 18, 19 శతాబ్దాల్లో, బొయార్లనే భూస్వామ్య ప్రభువులు ఆత్మరక్షణకు కట్టుకున్న బురుజు ఇళ్ళను కూలాలంటారు. డాన్యూబ్ నది ఆవలి విదిన్ పట్టణం నుంచి, ఒట్టోమన్ సుల్తానుపై తిరగబడ్డ అక్కడి పాలకుడు ఉస్మాన్ పజ్వంతొగ్లు దండు దాటివచ్చి ఊళ్ళను దోచుకునేది. 1800లో క్రయోవా నగరాన్నే తగలబెట్టింది. కింద పూర్తిగా మూసుకుని, పైకి వెళ్ళేకొద్దీ తెరుచుకోవడం కూలా స్వభావం. విశాఖపట్నంలో పాఠశాల ప్రదర్శనకో, ఆర్కిటెక్చర్ తరగతికో నమూనా చేసేవారు ఈ ఒక్కటీ పట్టుకుంటే చాలు, మిగతాదంతా దాని వెంటే వస్తుంది.

ముందుగా ఒక కూలాను ఎంచుకుని చివరిదాకా దానికే కట్టుబడాలి. వల్చా జిల్లా మల్దరెష్తిలో గ్రెచాను, దూకా అనే రెండు కూలాలున్నాయి. రెండోదానికి 1933లో హత్యకు గురైన ప్రధానమంత్రి ఇయోన్ దూకా పేరు నిలిచింది.

కొలతకు 1:50 నిష్పత్తి అనువుగా ఉంటుంది. గోడ మందం మీటరనుకుంటే నమూనాలో 2 సెంటీమీటర్లవుతుంది కనుక, రెండు మౌంట్ బోర్డు అట్టలను అంత ఎడంతో నిలిపి, నడుమ చిన్న ముక్కలు అతికించాలి. తుపాకీ రంధ్రాలను అట్టలు అతికించకముందే కోయాలి: వెలుపలి అట్టలో 2 మిల్లీమీటర్ల సన్నని చీలిక, లోపలి అట్టలో సెంటీమీటరు వెడల్పు. లోపలివాడు తుపాకీని అటూ ఇటూ తిప్పగలిగేదీ, బయటివాడికి గురి దొరకనిదీ ఈ తేడా వల్లనే. చాలా నమూనాల్లో రంధ్రాన్ని నల్లరంగుతో గీసి ఊరుకుంటారు. అలా చేస్తే ఇంటి ప్రాణమే పోతుంది.

కింది అంతస్తులో ఒకే బరువైన తలుపు, దానికి లోపల అడ్డగడియ చాలు. ఇరుకైన మెట్లు కనిపించేలా ఒక గోడను ఊడదీయడానికి వీలుగా అమర్చాలి. పై అంతస్తులో పొట్టి స్తంభాల మీద కమానులతో వసారా తెరుచుకోవాలి. కప్పుకు ఐస్‌క్రీం పుల్లలను ముక్కలుగా కోసి, మన పెంకుటిళ్ళలాగే చూరు నుంచి మొదలుపెట్టి, పై వరుస కింది వరుసను కప్పేలా అతికించుకుంటూ పోవాలి.

సముద్రపు తేమకు అట్టలు వంగిపోకుండా వాటి రెండు వైపులా పలుచని వార్నిష్ పూయాలి. ఒకవైపే పూస్తే వంకర తప్పదు. గోడకు గరుకుదనం రావడానికి తెల్లరంగులో సన్నని ఇసుక కలపవచ్చు గానీ, బీచ్ ఇసుకలోని ఉప్పు తేమను లాగుతుంది కనుక దాన్ని మంచినీటితో రెండు మూడుసార్లు కడిగి ఆరబెట్టాలి. ప్రదర్శనలో నమూనాను చూసేవారి కంటి ఎత్తులో, తుపాకీ రంధ్రాలు వారివైపు తిరిగేలా ఉంచాలి.