చెన్నై నుంచి కోడియక్కరై దాకా: ఒక చిట్కా

ఈసీఆర్ (చెన్నై నుంచి దక్షిణంగా తీరం వెంట వెళ్లే ఈస్ట్ కోస్ట్ రోడ్) మీద మూడు రోజుల ట్రిప్ అనుకుంటుంటే జనవరి చివర్లోనో ఫిబ్రవరిలోనో పెట్టుకోండి, ఎందుకంటే నవంబర్, డిసెంబర్లలో ఈశాన్య రుతుపవనాల వానలు, తుఫాన్ల టెన్షన్ ఉంటుంది, జనవరికల్లా అవి తగ్గిపోతాయి, వలస పక్షులు మాత్రం ఇంకా ఉంటాయి. మహాబలిపురం మనకి దగ్గరే, ఇంకో ఆదివారం చూసుకోవచ్చు. మొదటి రాత్రి పాండిచ్చేరిలో ఆగి, ఎండ ముదరకముందే పిచ్చావరం మడ అడవుల్లో పడవ ఎక్కండి. రెండో రాత్రి తప్పకుండా వేదారణ్యంలోనే పడుకోండి, దానికి దగ్గర్లోని కోడియక్కరై అభయారణ్యం పచ్చిక మైదానాల్లో కృష్ణజింకలు తెల్లవారుజామునే బాగా కనిపిస్తాయి, మధ్యాహ్నానికి చేరితే పిల్లలకి చూపించడానికి ఎండ తప్ప ఏమీ మిగలదు. ఫ్లెమింగోలు దూరంగా ఉంటాయి, బైనాక్యులర్స్ మర్చిపోకండి. దారిలో ఏ బీచ్‌లోనైనా పాదాలు తడుపుకోండి చాలు, ఈ తీరంలో లోపలి ప్రవాహాలు పైకి కనిపించవు.