తొలి క్వేకర్ల రచనలు చదవడం ఎలా? – 4వ పాఠం: పదకొండో నెల నవంబరు కాదు

ఈసారి పాఠం ‘లోపలి వెలుగు’, అంటే ప్రతి మనిషిలోనూ క్రీస్తు వెలుగు ఉంటుందనే నమ్మకం. దానికి చివర్లో కొంచెమే చోటు దొరుకుతుంది, ఎందుకంటే పోయినసారి అభ్యాసం ముందు తేలాలి. పత్రాలను కాలక్రమంలో పేర్చమంటే, ఇంగ్లండు రాజు రెండో చార్లెస్‌కు క్వేకర్లు (17వ శతాబ్దపు ఇంగ్లండులో పుట్టిన క్రైస్తవ సమాజం) ఇచ్చిన శాంతి ప్రకటనను చాలామంది 1660 నవంబరులో పెట్టారు. రాజు మీద వెన్నర్ చేసిన తిరుగుబాటు ఆ ప్రకటన తర్వాత జరిగిందని, దాన్ని క్వేకర్ల నాయకుడు జార్జ్ ఫాక్స్ ముందే పసిగట్టాడని కూడా రాశారు.

ప్రకటన మీదున్న తేదీ 11వ నెల 21, 1660. అంటే 1661 జనవరి 21. థామస్ వెన్నర్ మనుషులు లండన్ వీధుల్లో ఆయుధాలు పట్టింది జనవరి 6న. 10న వెలువడిన రాజశాసనం క్వేకర్ల సమావేశాలనూ నిషేధించింది, వేలమంది జైళ్ల పాలయ్యారు. పన్నెండుమంది సంతకాలతో ప్రకటన వచ్చింది ఆ తర్వాతే. ఏ కారణం చెప్పినా సరే, ఆయుధాలతో ఏ పోరుకూ దిగం అనే మాట అక్కడ జోస్యం కాదు. మీద పడ్డ అనుమానానికి జవాబు. అలాగని అహింస ఆ జనవరిలోనే పుట్టిందనీ రాయకండి. 1651లో డెర్బీ జైల్లో ఉండగానే ఫాక్స్ సైన్యంలో కెప్టెన్ పదవి వద్దన్నాడు.

1752కు ముందు ఇంగ్లండు క్వేకర్లకు మొదటి నెల మార్చి. అన్యదేవతల పేర్లు పలకకూడదని నెలలకూ వారంలోని రోజులకూ అంకెలే వాడారు. చైత్రంతో ఏడాది మొదలుపెట్టే మనకు ఇది వింతగా ఉండకూడదు.

నా దగ్గరి దారి ఇది: నెల అంకె 1 నుంచి 10 లోపయితే 2 కలపండి. 11, 12 అయితే 10 తీసేసి, సంవత్సరానికి 1 కలపండి. ఇంగ్లండులోని బాల్బీ ఊళ్లో కూడిన క్వేకరు పెద్దల లేఖ మీద 1656 తొమ్మిదో నెల అని ఉంటుంది, అది నవంబరు. సెప్టెంబరు అనుకుంటే లేఖ జేమ్స్ నేలర్ అనే క్వేకరు బోధకుడు క్రీస్తు యెరూషలేము ప్రవేశాన్ని అనుకరిస్తూ బ్రిస్టల్ నగరంలోకి వెళ్లిన రోజుకు ముందుకు పోతుంది. నేలర్ ప్రవేశించింది 1656 అక్టోబరు 24న, అంటే లేఖకు ముందే. ఫాక్స్ మరణం 11వ నెల 13, 1690. మన లెక్కలో 1691 జనవరి 13.

ఇక నన్ను విసిగించేది మొదటి నెల. ఇంగ్లండులో కొత్త సంవత్సరం అంకె మారేది మార్చి 25న. కాబట్టి మార్చి 1 నుంచి 24 వరకు పాత సంవత్సరమే రాయాలి, మనం 1 కలపాలి. నియమం అంతే. కానీ క్వేకర్లు అందరూ దాన్ని పాటించలేదు. క్వేకరు విలియం పెన్ తన మిత్రుడు రాబర్ట్ టర్నర్‌కు అమెరికాలోని పెన్సిల్వేనియా రాజు నుంచి తనకు వచ్చిందని రాసిన ఉత్తరంలో తేదీ 1వ నెల 5, 1681. నియమం పట్టుకుని 1 కలిపితే 1682 అవుతుంది. అది తప్పు. ఆ భూమిని ఇచ్చిన రాజపత్రం 1681 మార్చి 4 నాటిది, ఉత్తరం మరునాటిది. పెన్ నెల మొదటిరోజే సంవత్సరం మార్చేశాడు. అందుకే మొదటి నెల తేదీ కనబడగానే 1680/81 అని జంటసంవత్సరం ఉందా చూడండి. లేకపోతే ఉత్తరంలోని సంఘటనతో సరిచూసుకోండి. రెండూ కుదరకపోతే పెన్సిలుతో ప్రశ్నార్థకం పెట్టి ముందుకు పోండి. ఊహించి సంవత్సరం ఖాయం చేయకండి.

ఇంకొకటి: తర్వాతి ముద్రణల్లో సంపాదకుడు తేదీని ఇప్పటికే మార్చి ఉండొచ్చు. రెండుసార్లు మార్చకండి, ముందుమాట చూడండి. హాలండు తేదీలతో పోల్చేటప్పుడు తప్ప 17వ శతాబ్దంలో ఇంగ్లండు పాత (జూలియన్) క్యాలెండరుకూ కొత్త (గ్రెగోరియన్) క్యాలెండరుకూ ఉన్న 10 రోజుల తేడా జోలికి పోవద్దు.

వెలుగు సంగతికి వస్తే, క్వేకరు వేదాంతి రాబర్ట్ బార్క్లే ‘అపాలజీ’ (లాటిన్ 1676, ఇంగ్లీషు 1678) పదిహేను ప్రతిపాదనల్లో ఐదు, ఆరు మాత్రమే ముందు చదవండి. మొదటి నుంచి వెళ్తే మూడో ప్రతిపాదనలోనే నీరసం వస్తుంది. అక్కడ ఒక్క తేడా పట్టుకోండి: మనస్సాక్షి లాంతరు, క్రీస్తు వెలుగు అందులోని కొవ్వొత్తి. రెంటినీ ఒకటిగా చదివితే క్వేకర్లు ‘మనసు చెప్పినట్టు చెయ్యి’ అన్నారనిపిస్తుంది. అలా అనలేదు. యోహాను 1:9 దగ్గర పెట్టుకోండి.

అభ్యాసం: ఈ నాలుగింటిని నేటి తేదీల్లోకి మార్చి వరుస పెట్టండి. తొలి క్వేకరు నాయకురాలు మార్గరెట్ ఫెల్ మరణం 2వ నెల 23, 1702, శాంతి ప్రకటన, బాల్బీ లేఖ, పెన్ ఉత్తరం. తర్వాత ఫాక్స్ జర్నల్‌లో ఏదైనా పది పేజీలు తీసుకుని కనిపించిన ప్రతి తేదీకీ మార్జిన్‌లో నేటి తేదీ రాయండి. ఎక్కడ సంవత్సరం మారిందో, ఎందుకు మార్చారో ఒక్కో వాక్యంలో రాయండి. ఇదయ్యాకే ఐదో పాఠం తెరవండి.