స్టాఫ్‌కి టీషర్టులు ప్రింట్ చేయిస్తున్నారా?

దసరాకి స్టాఫ్‌కి షాపు పేరుతో టీషర్టులు ఇద్దామనుకుంటే, తక్కువలో వస్తోంది కదా అని పాలిస్టర్ తీసుకోకండి, బెజవాడ ఎండలకి ఒంటికి అతుక్కుపోయి మే నెలలో ఒక్కరూ వేసుకోరు. 180 జీఎస్ఎం (చదరపు మీటరు బట్ట బరువు గ్రాముల్లో) కాటన్ చాలు. వీపు నిండా లోగో వద్దు, మా కుర్రాళ్లు అలాంటి టీషర్టుతో బండి తుడుచుకున్నారు! జేబు దగ్గర చిన్నగా ఎంబ్రాయిడరీ చేయిస్తే ఎన్ని ఉతుకులైనా ఊడిపోదు, సెలవు రోజు బీసెంట్ రోడ్డుకి కూడా వేసుకెళ్తారు. సైజులు అడిగి రాసుకోండి.

బాగా పనిచేసినవాళ్లకి షీల్డు కూడా ఇస్తుంటే, దాని మీద ఉత్త 'ఉత్తమ ఉద్యోగి' అని కాకుండా, '2024 బుడమేరు వరదలో సరుకు పైకెక్కించినందుకు' అన్నట్టు చేసిన పని చెక్కించండి. చెక్కేముందు పేరు అక్షరాలు ఆ మనిషికే చూపించండి, మాకోసారి ఇంటిపేరే మారిపోయింది.