కాన్పు కోసం హిప్నాసిస్ ఆడియోలు వింటున్నారా? ముందు ఫోన్, తర్వాతే ఇయర్‌ఫోన్

రాత్రి బిడ్డ కదలికలు తగ్గినట్టు అనిపించడం, "కంగారు వద్దు, నీ శరీరానికి అన్నీ తెలుసు" అని చెప్పే ఆడియో పెట్టుకుని పడుకోవడం, తెల్లారాక ఆస్పత్రికి పరుగెత్తడం. ఇలాంటి వార్త బయటికొచ్చినప్పుడల్లా హిప్నాసిస్ (మాటలతో మగతలాంటి ప్రశాంత స్థితిలోకి తీసుకెళ్లడం) మంచిదా చెడ్డదా అని వాదన మొదలవుతుంది. అసలు పొరపాటు ఆ వాదనలో మరుగున పడిపోతుంది. డాక్టరుకు ఫోన్ చేయాల్సిన వేళ చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకోవడమే ఆ పొరపాటు.

గది ప్రశాంతంగా ఉండాలి, గొంతు మీకు నచ్చాలి లాంటివి ఎవరైనా చెబుతారు. వాటి జోలికి వెళ్లడం లేదు.

ఎంత ఆశించాలి

కాన్పు నొప్పులకు హిప్నాసిస్ ఎంతవరకు పనికొస్తుందని 2016లో కోక్రేన్ (వైద్య అధ్యయనాలను కలిపి బేరీజు వేసే సంస్థ) సమీక్ష 9 అధ్యయనాలను, 2,954 మంది స్త్రీల వివరాలను పరిశీలించింది. నొప్పి మందుల వాడకం మొత్తం మీద కొంత తగ్గవచ్చని తేలింది. ఎపిడ్యూరల్ (నొప్పి తెలియకుండా వెన్నులో ఇచ్చే మందు) వాడకంలో మాత్రం స్పష్టమైన తేడా కనబడలేదు. బ్రిటన్‌లో 680 మందితో జరిగి 2015లో వెలువడిన అధ్యయనంలోనూ ఎపిడ్యూరల్ సంగతి అంతే. అయితే స్వీయ హిప్నాసిస్ నేర్చుకున్నవారు కాన్పైన రెండు వారాలకు చెప్పిన భయం, ఆందోళన వాళ్లు ముందు ఊహించుకున్నంత లేవు. కాబట్టి భయం తగ్గించుకోవడానికి వినండి. నొప్పే ఉండదని హామీ ఇచ్చే ఆడియోను పక్కన పెట్టండి. ఆ హామీ నమ్మినవాళ్లు నొప్పి రాగానే తమలోనే లోపం ఉందనుకుని, దాన్ని నర్సుకు చెప్పకుండా దాచుకుంటారు.

మాటలు వినండి, గొంతు కాదు

కళ్లు మూసుకుని వినే ముందు ఒకసారి కుర్చీలో నిటారుగా కూర్చుని, కళ్లు తెరిచి, ఆడియో మొత్తం వినండి. ఈ పని దాదాపు ఎవరూ చేయరు. మగత మాటున చెవిన పడే వాక్యాలను నిలదీయాలనిపించదు, అందుకే మెలకువలో వినడం.

"ఏ అనుమానం వచ్చినా వదిలెయ్", "డాక్టర్ల మాటలు నీ దాకా రానివ్వకు", "నీ శరీరం కనలేనంత పెద్ద బిడ్డను తయారుచేయదు" లాంటి వాక్యం ఒక్కటి దొరికినా ఆ ఆడియో తీసేయండి. మూడోది శుద్ధ అబద్ధం. బిడ్డ అడ్డం తిరిగి ఉండొచ్చు, తల కిందికి దిగకపోవచ్చు. సిజేరియన్‌ను ఓటమిగా చెప్పే ఆడియో కూడా వద్దు.

ఉండాల్సిన వాక్యం ఒకటుంది: "ఎవరైనా పిలిచినా, ఏదైనా తేడాగా అనిపించినా వెంటనే పూర్తి మెలకువలోకి వస్తావు." చివర్లో అంకెలు లెక్కపెడుతూ మేల్కొలిపే భాగం ఉందో లేదో చూడండి. నిద్ర కోసం చేసిన వాటిలో అది ఉండదు, గొంతు మెల్లగా ఆగిపోతుంది. అవి రాత్రికే. పగలు విన్నది ఏదైనా, లేచి కాసిని నీళ్లు తాగి నాలుగడుగులు వేశాకే మరో పని ముట్టుకోండి.

ఒంటి సంగతి

మామూలు రిలాక్సేషన్ ఆడియోలు చాలావరకు "వెల్లకిలా పడుకోండి" అంటూ మొదలవుతాయి. అవి గర్భిణుల కోసం చేసినవి కావు. నెలలు పెరిగాక వెల్లకిలా పడుకుంటే గర్భసంచి బరువు పెద్ద రక్తనాళాల మీద పడుతుంది, తల తిరుగుతుంది, బిడ్డకు వెళ్లే రక్తం తగ్గుతుంది. 28 వారాల తర్వాత నిద్రపోయేటప్పుడు పక్కకు తిరిగే పడుకోవాలి. కుడైనా ఎడమైనా ఫర్వాలేదు. వింటూ నిద్రపోతారు కనుక ఆడియోకూ ఇదే నియమం.

శ్వాస లోపలికి 4 అంకెలు, బయటికి 6 అంకెలు. ఊపిరి బిగబట్టమనే, గబగబా పీల్చమనే ఆడియోలు వద్దు. పెదవుల చుట్టూ, వేళ్లలో తిమ్మిరి మొదలైందంటే ఊపిరి ఎక్కువగా తీస్తున్నట్టే, మామూలు శ్వాసకు రండి. కండరాలు బిగించి వదిలే అభ్యాసంలో కాలి వేళ్లను ముందుకు చాచకండి. పిక్కలు పట్టేస్తాయి.

అభ్యాసం సుమారు 30 వారాలకు మొదలుపెట్టి రోజూ 20 నిమిషాలు చేయండి. చివరి వారంలో మొదలుపెడితే అది పాట విన్నట్టే. నొప్పి ఒక్కోసారి వచ్చేది నిమిషం పాటు, మీ ఆడియో అరగంట! అందుకే ఫోన్ లేకుండా గుర్తొచ్చే ఒక్క మాట, ఒక్క దీర్ఘశ్వాస అలవాటు చేసుకోండి. లేబర్ రూమ్‌లో పనికొచ్చేది అదే.

ఇక వరసగా

కదలికలు తగ్గాయా, తీరు మారిందా? ముందు ఫోన్. ఆడియో తర్వాత.

రక్తస్రావం, ఉమ్మనీరు పోవడం, జ్వరం: ముందు ఫోన్.

తీవ్రమైన తలనొప్పి, చూపు మసకబారడం, పక్కటెముకల కింద నొప్పి రక్తపోటు సూచనలు కావచ్చు. రిలాక్సేషన్‌తో తగ్గుతాయేమో చూద్దామనుకోకండి.

నొప్పికీ నొప్పికీ మధ్య కడుపు మెత్తబడకుండా గట్టిగానే ఉందా? వెంటనే ఆస్పత్రికి బయల్దేరండి.

37 వారాలు నిండకముందే నొప్పులు వస్తుంటే అది అభ్యాసానికి సమయం కాదు.

మూర్ఛ, సైకోసిస్ (లేనివి కనిపించడం, వినిపించడం లాంటి మానసిక సమస్య), బైపోలార్ (మనఃస్థితి విపరీతంగా మారే సమస్య), గతంలో లైంగిక హింస లేదా భయానకమైన కాన్పు: డాక్టరును అడగకుండా హిప్నాసిస్ ఆడియో మొదలుపెట్టొద్దు. వింటుండగా పాత జ్ఞాపకం ముంచెత్తితే ఆపేయండి, పూర్తి చేయాలన్న పంతం వద్దు.

డ్రైవింగ్‌లో వద్దు. పొయ్యి దగ్గర వద్దు. స్నానాల తొట్టిలో ఒంటరిగా వద్దు.

ఆడియో ముందే డౌన్‌లోడ్ చేసుకోండి. మధ్యలో వచ్చే ప్రకటన మిమ్మల్ని మంచం మీంచి లేపేస్తుంది.

లేబర్ రూమ్‌లో ఒక చెవికే పెట్టుకోండి. నర్సు నోరు తెరవగానే అదీ తీసేయండి.

ఆస్పత్రి నంబరు ఫోన్ తెరపై ఆడియో యాప్ పక్కనే పెట్టండి. తోడుండేవాళ్లకు కూడా పై సూచనలు చదివించండి. మీరు మగతగా "ఏం లేదులే" అన్నా వాళ్లు ఫోన్ చేయాలి.

విన్నాక మనసు కుదుటపడింది కదా, రేపు చూద్దాం అంటారా? కుదుటపడింది మీ మనసు. బిడ్డ సంగతి ఎవరూ చూడలేదు. ముందు ఫోన్.

కాన్పయ్యాక బిడ్డను ఒళ్లో పెట్టుకుని సోఫాలో ఇవి వినకండి. కునుకు పడుతుంది.