పేస్‌మేకర్ ఉన్నవారు డ్రిల్, గ్రైండర్, వెల్డింగ్ మిషన్‌తో జాగ్రత్తగా పనిచేయడం

పేస్‌మేకర్ అమర్చుకొని ఇంటికి వచ్చిన వడ్రంగి గానీ, గ్రిల్స్ చేసే వెల్డర్ గానీ, పొలానికి మందు కొట్టే రైతు గానీ ఇక తన పని తాను చేసుకోవచ్చా లేదా అని మథనపడటం సహజం. చాలామంది చేసుకోవచ్చు. అయితే పరికరానికీ మోటారుకూ మధ్య ఉండవలసిన దూరం, పనిముట్టుకు ఉండవలసిన ఎర్త్ (లీకైన కరెంటును నేలలోకి పంపే వైరు) అనే రెండు విషయాలలో మాత్రం రాజీ పడకూడదు.

పేస్‌మేకర్ గుండెకు చిన్న విద్యుత్ స్పందన అందించడంతో పాటు, గుండె తనంతట తాను కొట్టుకుంటోందా లేదా అని గుండెలోకి అమర్చిన తీగల ద్వారా అనుక్షణం గమనిస్తూ ఉంటుంది. గుండె నుంచి దానికి అందే సంకేతం కొన్ని మిల్లీవోల్టులే. బయటి నుంచి వచ్చిన విద్యుత్ అలజడిని అది గుండె సంకేతంగా పొరబడితే, తాను స్పందన ఇవ్వవలసిన అవసరం లేదనుకొని ఆగిపోవచ్చు. పూర్తిగా పేస్‌మేకర్ మీదే ఆధారపడిన వారికి అప్పుడు కళ్లు తిరుగుతాయి, స్పృహ కూడా తప్పవచ్చు. ఇటువంటి అలజడిని గుర్తించి తాత్కాలికంగా ఒకే వేగంతో స్పందనలు ఇచ్చే ఏర్పాటు ఇప్పటి పరికరాలలో ఉంది. పనిముట్టుకు దూరంగా జరిగితే పరికరం సాధారణంగా మామూలు స్థితికి వచ్చేస్తుంది.

పని మొదలుపెట్టే ముందు వైద్యుణ్ణి అడిగి మూడు సంగతులు తెలుసుకోవాలి. మీకు పెట్టింది మామూలు పేస్‌మేకరా, అవసరమైతే షాక్ ఇచ్చే ఐసీడీయా? మీ గుండె దాని మీద ఎంతవరకు ఆధారపడి ఉంది? తయారీ సంస్థ ఏయే పనిముట్టుకు ఎంత దూరం చెప్పింది? ఐసీడీ అయితే అలజడిని ప్రమాదకరమైన గుండె వేగంగా పొరబడి అనవసరంగా షాక్ ఇచ్చే అవకాశం ఉంది కాబట్టి మరింత జాగ్రత్త అవసరం. ఆపరేషన్ తరువాత సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాల వరకు ఆ వైపు చేతిని భుజం కంటే పైకి ఎత్తవద్దని, బరువులు మోయవద్దని చెబుతారు. తీగలు గుండెలో కుదురుకోవలసిన సమయం అది. ఆ లోపు డ్రిల్ పట్టవద్దు.

చేతితో పట్టుకునే డ్రిల్, గ్రైండర్, మార్బుల్ కట్టర్ వంటి వాటికి తయారీదారులు సాధారణంగా చెప్పే దూరం 15 సెంటీమీటర్లు. జానెడు దూరం పాటిస్తే అంతకంటే ఎక్కువే ఉంటుంది. ఈ దూరాన్ని బిట్ నుంచి కాక మోటారు ఉన్న భాగం నుంచి పేస్‌మేకర్ వరకు కొలవాలి. గట్టి గోడకు రంధ్రం వేసేటప్పుడు డ్రిల్ వెనుక భాగాన్ని ఛాతీతో నెట్టే అలవాటు మన పనివాళ్లలో చాలామందికి ఉంది; దాన్ని పూర్తిగా మానుకోవాలి. చేతులు చాచి పట్టినప్పుడు డ్రిల్ లోపలికి దిగని గోడ అయితే ఆ రంధ్రాన్ని వేరొకరి చేత వేయించండి. బల్లకు బిగించిన పెద్ద మోటార్లకు 30 సెంటీమీటర్లు, అంటే ఒక స్కేలు పొడవు, పాటించాలి.

ఎర్త్ విషయంలో మన ఇళ్లలోనూ పని స్థలాలలోనూ జరిగే నిర్లక్ష్యం నన్ను ఎక్కువగా కలవరపెడుతుంది. మూడు పిన్నుల ప్లగ్గులో ఎర్త్ కోసం ఉండే పెద్ద పిన్నును విరగ్గొట్టడం, ప్లగ్గే లేకుండా వైర్లను అగ్గిపుల్లలతో సాకెట్‌లో దోపడం, తెగిన వైరుకు టేపు చుట్టి నడిపించడం నిత్యం కనిపించేవే. పనిముట్టు లోపల ఇన్సులేషన్ పాడైతే కరెంటు దాని లోహపు ఒంట్లోకి, అక్కడి నుంచి చేతి ద్వారా ఛాతీ మీదుగా కాళ్లకు, కాళ్ల నుంచి నేలకు పోతుంది. ఇతరులు కాస్త జిల్లుమందని దులిపేసుకునే ఆ లీకేజీ పేస్‌మేకర్‌ను తప్పుదారి పట్టించడానికి చాలు. కాబట్టి ఒక్కసారి జిల్లుమన్నా ఆ పనిముట్టును రిపేరు అయ్యేదాకా ముట్టవద్దు. ఒంటి మీద చతురస్రంలో చతురస్రం గుర్తు ఉన్న పనిముట్లకు రెండు పొరల ఇన్సులేషన్ ఉంటుంది కనుక వాటికి రెండు పిన్నులే ఉండటం లోపం కాదు. మిగిలిన వాటికి ఎర్త్ తప్పనిసరి. బోర్డులో 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరాను ఆపేసే స్విచ్) పెట్టించుకోండి. అయితే అంతకంటే చిన్న లీకేజీకి అది ట్రిప్ కాకపోవచ్చు, అందువల్ల అది ఉన్నా ఎర్త్ అవసరం తీరదు. తడి నేల మీద, ఉత్త కాళ్లతో పనిచేయవద్దు. స్విచ్ నొక్కి ఉంచే లాక్ బటన్‌ను వాడకండి. కళ్లు తిరిగి చేయి జారితే పనిముట్టు దానంతట అదే ఆగిపోవాలి.

వెల్డింగ్‌కు వైద్యుడి అనుమతి విడిగా తీసుకోవాలి. తయారీ సంస్థను బట్టి 130 లేదా 160 ఆంపియర్ల పైన వెల్డింగ్ వద్దని చెబుతారు. 2.5 మిల్లీమీటర్ల రాడ్‌తో చేసే గ్రిల్ పని ఈ హద్దులోనే ఉంటుంది; 4 మిల్లీమీటర్ల రాడ్ తరచూ దాన్ని దాటుతుంది. ఆర్క్‌కూ (రాడ్ కొసన వెలిగే మెరుపుకూ) ఛాతీకీ మధ్య కనీసం 60 సెంటీమీటర్లు ఉండాలి, వెల్డింగ్ మిషన్‌ను మీటరున్నర దూరంలో పెట్టాలి. ఎర్త్ క్లాంప్‌ను అతుకు వేసే చోటుకు వీలైనంత దగ్గరగా బిగించి, రెండు కేబుళ్లనూ కలిపి ఉంచాలి; కేబుల్‌ను భుజం మీద వేసుకోకూడదు. రాడ్ అంటుకోకపోతే టకటకా కొట్టకుండా, ప్రయత్నానికీ ప్రయత్నానికీ మధ్య పది సెకన్లు ఆగాలి.

పెట్రోలు ఇంజిన్ల స్పార్క్ ప్లగ్ నుంచి 30 సెంటీమీటర్ల దూరం ఉండాలి, నడుస్తున్న ఇంజిన్ ప్లగ్ వైరును ముట్టకూడదు. వీపున మోసే పెట్రోలు స్ప్రేయర్‌తో ఆ దూరం దొరుకుతుందన్న నమ్మకం లేదు కనుక, రైతులు దాన్ని వదిలేయడమే మంచిదని నా అభిప్రాయం. బ్యాటరీ స్ప్రేయర్‌లో మోటారు నడుము దగ్గర ఉంటుంది. అయినా దాని పట్టీ పేస్‌మేకర్ ఉన్న చోట ఒరుసుకోకుండా చూసుకోవాలి.

మేకులు, స్క్రూలు పట్టి ఉంచే అయస్కాంతపు పళ్లేలను, మణికట్టు పట్టీలను కూడా ఛాతీకి జానెడు దూరంలో ఉంచండి. చొక్కా జేబులో అసలు పెట్టుకోవద్దు. బలమైన అయస్కాంతం దగ్గరైతే పేస్‌మేకర్ ఒకే వేగానికి మారుతుంది, ఐసీడీ అయితే షాక్ ఇవ్వడమే ఆపేయవచ్చు.

పనిలో కళ్లు తిరిగినా, గుండె దడగా లేదా తడబడుతున్నట్లు అనిపించినా, పనిముట్టు వదిలి కొన్ని అడుగులు దూరం జరిగి కూర్చోవాలి. తగ్గకపోయినా, స్పృహ తప్పినా, ఐసీడీ షాక్ ఇచ్చినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. ఒంటరిగా పనిచేయవద్దు, నిచ్చెన మీద పనిని, కనీసం మొదటి నెలల్లో, ఇంకొకరికి అప్పగించండి. పేస్‌మేకర్ వివరాలున్న కార్డును జేబులో ఉంచుకోండి. ఇబ్బంది కలిగిన తేదీని, సమయాన్ని, అప్పుడు చేతిలో ఉన్న పనిముట్టును రాసి పెట్టుకొని తదుపరి పరీక్షకు తీసుకువెళితే, పేస్‌మేకర్‌లో నమోదైన వివరాలతో పోల్చి, దానికి ఆ పనిముట్టే కారణమా అన్నది వైద్యుడు చూడగలుగుతాడు.