పిల్లి గోర్లు ఇంట్లోనే ఎలా తీయాలి? కొన తీస్తే చాలు

మా పుట్టిల్లు నల్లగొండ జిల్లా గట్టుప్పల్ దగ్గర మగ్గాల ఇల్లు. నూలుకు పట్టించిన గంజి కోసం ఎలుకలు వస్తాయి, ఒక్క రాత్రిలో పడుగంతా, అంటే మగ్గం మీది నిలువు పోగులన్నీ, కొరికి పెడతాయి. అందుకే మా దిక్కు నేతపని చేసే ఇళ్లలో పిల్లిని పెంచుకుంటారు. అదే పిల్లి పట్టు పడుగు మీదికి దూకిందంటే మాత్రం ఒక్క గోరు తగిలినా పోగులు తెగుతాయి. వాటిని ఒక్కొక్కటే వెతికి అతుక్కుంటూ కూర్చునే మా నాన్నను చూసి చూసి, చిన్నప్పుడే పిల్లి గోర్లు తీయడం నేర్చుకున్నాను. పెళ్లయి నల్లగొండకు వచ్చాక కూడా ఆ పని వదల్లేదు. మా రెండు పిల్లులవే కాదు, గల్లీలో వాళ్లు తెచ్చే పిల్లుల గోర్లు కూడా నేనే తీస్తాను.

మొన్న ఎండాకాలంలో మా పక్కింటి ఆవిడ తన పిల్లిని ఒక దుకాణంలో గోర్లు తీయించి తెచ్చింది. ముందు కాళ్లు రెండూ చూశాను. పది గోర్లకు ఆరింటి కొనల మీద రక్తం గడ్డకట్టి ఉంది. ఆ పిల్లి రెండు రోజులు బీరువా కిందనుంచి బయటికి రాలేదు. నీళ్ల గిన్నె కూడా ఆ బీరువా కిందికే జరపాల్సి వచ్చింది. గోరు ఎంత తీయాలో తెలియని చేతిలో కత్తెర ఉంటే ఇలాగే అవుతుంది. ఈ పని ఇంట్లో మనమే చేసుకోవచ్చు, చక్కగా చేయవచ్చు. ఎలాగో చెప్తాను.

ఏ పిల్లికి తీయాలి

రాత్రంతా బయట తిరిగి తెల్లారాక అన్నానికి వచ్చే పిల్లి గోర్లు తీయొద్దు. వీధికుక్క తరిమితే అది వేపచెట్టు ఎక్కాలన్నా, ప్రహరీ గోడ పట్టుకోవాలన్నా ఆ గోర్లే దిక్కు. ఎప్పుడూ ఇంట్లోనే ఉండే పిల్లికి మాత్రమే తీయాలి.

మా అత్తమ్మ మొదట్లో "గోర్లు తీస్తే ఎలుకల నెట్ల పడ్తది బిడ్డా?" అని అడ్డుపడేది. కొన ఒక్కటి తీసినంత మాత్రాన పిల్లికి వేట రాకుండా పోదు. ఎలుకను చంపేది కోరతోనే. మా ఇంట్లో ఇప్పటికీ బియ్యం డ్రమ్ము వెనక ఎలుక దొరుకుతూనే ఉంది, అత్తమ్మ కూడా ఆ మాట అనడం మానేసింది.

గోర్లు మొత్తానికే తీసేయించవచ్చా అని కొందరు అడుగుతారు. వద్దు. పిల్లి గోరు వేలి చివరి ఎముకకు అతుక్కుని ఉంటుంది. గోరు మళ్లీ రాకుండా తీయాలంటే ఆ ఎముకనే కోసేయాలి. మన వేళ్లను చివరి కణుపు దగ్గర నరికినట్టే లెక్క. చాలా దేశాల్లో అది నిషేధం, అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రం 2019లో ఆపేసింది. సోఫా పాడవుతుందని అంత పని చేయకండి.

సామాను

పిల్లులకు అమ్మే చిన్న గోరు కత్తెర ఒకటి, పాత తువ్వాలు ఒకటి, చిన్న గిన్నెలో రెండు చెంచాల కార్న్‌ఫ్లోర్, ఉప్పూ ఉల్లిగడ్డా వేయకుండా ఉడికించిన కోడిమాంసం నాలుగు ముక్కలు. అంతే.

రంధ్రంలో గోరు పెట్టి నొక్కే రకం కొనకండి. కదిలే కాలిని ఆ రంధ్రంలోకి పట్టించేసరికే పిల్లికి టెన్షన్ మొదలవుతుంది. మనం వాడే నెయిల్ కట్టర్ పిల్లిపిల్లల సన్నని గోర్లకైతే పనికొస్తుంది గానీ, పెద్ద పిల్లి గోరును నలిపి చీలుస్తుంది. తువ్వాలు మాత్రం నేతదే కావాలి, టర్కీ టవల్ వద్దు. టర్కీ టవల్ నిండా దారపు ఉచ్చులుంటాయి, గోరు అందులో చిక్కుకుందంటే పిల్లి బెదిరిపోయి గుంజుకుంటుంది. ఎన్నో ఉతుకులు పడ్డ పాత నేత తువ్వాలు సాఫుగా, మెత్తగా ఉంటుంది.

ముందు వారం

కత్తెర బయటికి తీయకముందే ఒక వారం పాటు పిల్లి అన్నం తిన్నాక దాని కాళ్లు పట్టుకుని, వేళ్లు ఒక్కొక్కటే మెల్లగా నొక్కి వదలండి. ప్రతిసారీ ఒక మాంసం ముక్క పెట్టండి. పిల్లిపిల్లనైతే రెండు నెలల వయసు నుంచే అలవాటు చేయండి. ఈ వారం ఎగ్గొట్టిన వాళ్లే ఆ తర్వాత చేతులనిండా గీరుకుపోయి నా దగ్గరికి వస్తారు.

ఎప్పుడు, ఎక్కడ, ఎలా కూర్చోవాలి

పొద్దున 11 దాటాక, పిల్లి తిని నిద్రమత్తులో ఉన్నప్పుడు చేయాలి. దీపాలు పెట్టాక గోర్లు తీయొద్దని పెద్దవాళ్లు మనకు చెప్పే మాట పిల్లికీ వర్తిస్తుంది. ట్యూబ్‌లైటు వెలుతురులో గోరు లోపలి రంగు సరిగా కనబడదు. కిటికీ పక్కన, పగటి వెలుతురు గోరు వెనకనుంచి పడేలా చాప మీద కూర్చోండి. కుర్చీ వద్దు, దూకితే పిల్లికి దెబ్బ తగులుతుంది. తలుపు మూయండి, ఫ్యాన్ తగ్గించండి, పొయ్యి మీద కుక్కర్ ఉంటే దించేయండి. కుక్కర్ సంగతి కింద చెప్తాను.

పిల్లి వీపు మీ కడుపుకు ఆనేలా, ముఖం అవతలికి ఉండేలా ఒళ్లో కూర్చోబెట్టుకోండి. ఎదురుగా ఒకరు పట్టుకుని ఇంకొకరు తీసే పద్ధతి నాకు నచ్చదు. నాలుగు చేతులు మీద పడితే ఏ పిల్లయినా పట్టుబడ్డాననే అనుకుంటుంది. మెడ మీది తోలు పట్టి ఎత్తడం అసలే చేయొద్దు. తల్లి పిల్లి తన కూనలను అలా మోస్తుంది కదా అంటారు. పెద్ద పిల్లికి అది నొప్పి, భయం. మరీ కుదురులేని పిల్లి అయితే తువ్వాలు వదులుగా చుట్టి, ఒక్క కాలు మాత్రం బయటికి తీసి పెట్టుకోండి.

అసలు పని: కత్తెర ఎక్కడ పెట్టాలి

ఇక్కడ తొందరపడకండి. ఇప్పటిదాకా చెప్పినదాంట్లో కాస్త అటూ ఇటూ అయినా నష్టం లేదు. ఇక్కడ మాత్రం ఒక్క గోరు దగ్గర తప్పినా పిల్లి నెలల తరబడి మరిచిపోదు.

ముందు కాలు వేలిని మీ బొటనవేలు, చూపుడువేలు మధ్యకు తీసుకోండి. చూపుడువేలు కింద మెత్త మీద, బొటనవేలు పైన గోరు మొదలుకు కాస్త వెనక. మెల్లగా నొక్కితే లోపల దాగి ఉన్న గోరు బయటికి వస్తుంది. చపాతీ ముద్ద మీద వేలిముద్ర పడేంత ఒత్తిడి చాలు.

గోరు బయటికొచ్చాక కత్తెర పక్కన పెట్టి, గోరును వెలుతురుకు ఎదురుగా చూడండి. గోరు మొదలు దగ్గర లేత గులాబీ రంగు కనిపిస్తుంది. అది పచ్చి. రక్తనాళమూ నరమూ రెండూ అందులోనే ఉంటాయి. అది సన్నబడుతూ వచ్చి ఒకచోట ఆగిపోతుంది. అక్కడినుంచి కొనదాకా గోరు మసక గాజులా ఉండి, కొడవలి మొనలా వంగుతుంది. మీరు తీయాల్సింది ఆ మొన ఒక్కటే.

పచ్చి ఆగిన చోటునుంచి కనీసం 2 మిల్లీమీటర్లు వదలాలి. సన్నబియ్యం గింజ అడ్డం ఉండేంత అన్నమాట. వదిలిన తర్వాత కత్తిరించడానికి ఏమీ మిగలకపోతే ఆ గోరు ఇంకా పెరగలేదని అర్థం. దాన్ని అలాగే ఉంచి పక్క గోరుకు వెళ్లండి. మన చేతి గోర్లలా గుండ్రంగా, పొట్టిగా రావాలని చూసేవాళ్లే పచ్చి దాకా కోసేస్తారు. పిల్లి గోరు తీశాక కూడా పొడుగ్గానే కనిపిస్తుంది, కనిపించాలి. మొన పోయి, చీరకు చిక్కుకోకుండా ఉంటే పని అయినట్టే.

కత్తెర పెట్టే దిశ కూడా ముఖ్యమే. పిల్లి గోరు రెండు పక్కలా అణిగి, నిలువుగా వెడల్పుగా ఉంటుంది. పక్కలనుంచి అడ్డంగా నొక్కితే పొరలు విడిపోయి చీలుతుంది. కత్తెర నోరు కింద ఒక అంచు, పైన ఒక అంచు ఉండేలా పట్టుకుని ఒక్కసారిగా, తడబడకుండా నొక్కండి. టిక్ అని సన్నని చప్పుడు రావాలి. నలిగినట్టు, కరకరమన్నట్టు వినిపిస్తే మీ కత్తెర మొద్దుబారింది, మార్చేయండి.

కొన్ని పిల్లులకు గోర్లు నల్లగానో ముదురు గోధుమ రంగులోనో ఉంటాయి. వాటిలో పచ్చి కనబడదు. అలాంటి గోరుకు బాగా సన్నబడి వంగిన కొసను, ఒక్క మిల్లీమీటరు మించకుండా తీయండి. అదే పిల్లికి ఒక్క గోరైనా తెల్లగా ఉంటే, అందులో పచ్చి ఎంతదాకా ఉందో చూసుకోండి, మిగతావాటికి అంచనా దొరుకుతుంది. సందేహం వస్తే వదిలేయండి.

పిల్లి కాలు గుంజుకుంటే వెంటనే వదలండి. దాని బలానికి మీ బలం ఎదురు పెట్టొద్దు, పట్టుబట్టి లాగుతుండగా కత్తెర మూయొద్దు. మా మొదటి పిల్లి విషయంలో నేను చేసిన తప్పు అదే. గోరు మీద కత్తెర పెట్టాను, వంటింట్లో కుక్కర్ విజిల్ వేసింది, అది ఉలిక్కిపడి కాలు గుంజింది, నా చెయ్యి మూసుకుపోయింది. తెల్ల తువ్వాలు మీద గురిగింజ అంత రక్తపు చుక్క పడింది. ఆ తర్వాత నాలుగు నెలలపాటు కత్తెర చప్పుడు వింటే చాలు, ఆ పిల్లి సజ్జ ఎక్కి కూర్చునేది. మళ్లీ మొదటినుంచి, వేలు నొక్కి మాంసం ముక్క పెట్టే దగ్గరనుంచి అలవాటు చేశాను.

ఒకే కూర్చోవడంలో అన్ని గోర్లూ అయిపోవాలని లేదు. ముందు కాలికి అయిదు, వెనక కాలికి నాలుగు చొప్పున మామూలుగా పిల్లికి 18 గోర్లుంటాయి. ఈ రోజు మూడు, రేపు రెండు తీసినా సరే. తోక నేలకేసి కొడుతున్నా, చెవులు వెనక్కి పడ్డా ఆపేసి, ముక్క పెట్టి దించేయండి.

రక్తం వస్తే

గాభరా పడకండి. ఆ వేలి కొనను కార్న్‌ఫ్లోర్‌లో ముంచి, గుడ్డతో మూడు నాలుగు నిమిషాలు అదిమి పట్టుకోండి. మధ్యమధ్యలో ఆగిందా అని తీసి చూడొద్దు. మంగలి షాపులో వాడే పటిక కూడా రక్తం ఆపుతుంది గానీ, పిల్లి కాలు నాకుతుంది కాబట్టి నేను వాడను. పది నిమిషాలైనా ఆగకపోతే పశువుల దవాఖానకు తీసుకెళ్లండి.

డెట్టాల్ మాత్రం వేయకండి. మనకు గాయమైతే మొదట చేతికందేది అదే. అందులోని క్లోరోజైలినాల్ పిల్లులకు విషం, దాన్ని విరిచేసే శక్తి వాటి కాలేయానికి సరిగా ఉండదు, కాలు నాకినప్పుడు అది కడుపులోకే పోతుంది. నొప్పికని పారాసిటమాల్ కూడా ఇవ్వకండి. ఒక్క బిళ్లతో పిల్లి చనిపోవచ్చు.

మీ చేతికి గీరుకుంటే సబ్బుతో, ధారగా పడే నీళ్ల కింద 15 నిమిషాలు కడగండి. రక్తం వచ్చేలా గీరినా, కరిచినా అదే రోజు డాక్టరుకు చూపించి రేబిస్ టీకా సంగతి అడగండి. ఇంటి పిల్లే కదా అని ఊరుకోవద్దు. పిల్లికి కూడా ఏటా రేబిస్ టీకా వేయించాలి.

మిగతావి

ముందు కాలు లోపలి వైపు, కాస్త పైకి బొటనవేలులా ఒక గోరు ఉంటుంది. అందరూ మరిచిపోయేది దాన్నే. అది నేలకు తగలదు, అరగదు, గుండ్రంగా పెరిగి వెనక్కి తిరుగుతుంది. మా అత్తమ్మ వాళ్ల ఇంటి ముసలి పిల్లి కుంటుతోందని ఒకసారి నన్ను పిలిస్తే వెళ్లి చూశాను. ఆ గోరు ఉంగరంలా తిరిగి మెత్తలోకి దిగబడి, చుట్టూ చీము పట్టింది. అలాంటిది ఇంట్లో ముట్టుకోవద్దు, డాక్టరే తీయాలి. పిల్లులు ముసలివైనకొద్దీ గీకడం తగ్గిస్తాయి, గోర్లు మందమవుతాయి. అందుకే ఆ వయసులో ఈ గోరును వదలొద్దు.

వెనక కాళ్ల గోర్లు మొద్దుగా ఉంటాయి. చాలాసార్లు వాటిని తీసే అవసరమే పడదు.

చాప మీద వడ్ల పొట్టులా, లోపల డొల్లగా, గోరు ఆకారంలో ఒక పెంకు దొరికితే గోరు ఊడిందని కంగారుపడొద్దు. పిల్లి గోరు పొరలు పొరలుగా పెరుగుతుంది, పాత పొరను గీకి వదిలేస్తుంది. గోర్లు తీసినా దాని గీకే అలవాటు పోదు, పోకూడదు. చెక్క పలకకు గోనెసంచి బిగించి, పిల్లి నిలువునా ఒళ్లు సాచి గీకేంత ఎత్తున గోడకు ఆనించండి. కదలకుండా ఉంటేనే వాడుతుంది. మా ఇంట్లో అది పెట్టాక నవారు మంచం జోలికి పోలేదు.

తీసిన మొనలను కాగితంలోకి ఊడ్చి పారేయండి, ఉత్త కాళ్లకు గుచ్చుకుంటాయి. క్యాలెండర్ మీద ఆ తేదీకి గీత పెట్టుకోండి. పెద్ద పిల్లికి మళ్లీ రెండు మూడు వారాలకు, పిల్లిపిల్లకు పది రోజులకు చూడాలి. ముసలి పిల్లి బొటనవేలి గోరును మాత్రం ప్రతి ఆదివారం ఒకసారి వేలితో తడిమి చూడండి.